సున్నపు గీత

మా తమ్ముడు వెస్లీ మైదానంలోకి వెళ్లేటప్పుడు గానీ, బయటికి వచ్చేటప్పుడు గానీ అంచున వేసిన సున్నపు గీత తొక్కడు. దాని దగ్గరికి రాగానే చిన్నపిల్లాడిలా ఒక గెంతు గెంతుతాడు. తొక్కితే ఆట పోతుందట. బేస్‌బాల్ ఆడేవాళ్లలో చాలామందికి ఉందిలెండి ఈ పిచ్చి.

వాడికి పద్దెనిమిదేళ్లప్పుడు ఒక పెద్ద బేస్‌బాల్ క్లబ్బు మనిషి మా వంటింట్లో కూర్చుని, అమ్మ చేసిన కొలాచీలు, అదే, మధ్యలో పండ్ల గుజ్జు పెట్టిన తీపి బన్నులు, తింటూ ఒప్పందం ముందు పెట్టాడు. వెస్లీ అప్పటికే కలలో తేలిపోతున్నాడు. అమ్మ పళ్లెం తన వైపు లాక్కుంది.

"ఆట అయిపోయాక వీడి కాలేజీ ఖర్చు మీదేనని అందులో రాయండి. రాసేదాకా ఇంకో కొలాచీ లేదు."

"అమ్మా, పరువు తియ్యకే!" అన్నాడు వెస్లీ.

ఆయన నవ్వి, రాశాడు. ఒకటే షరతు. ఆట నుంచి బయటికొచ్చిన రెండేళ్లలోపు కాలేజీలో చేరాలి.

తర్వాత వాడు చిన్న చిన్న ఊళ్ల జట్లలో బంతులు విసిరాడు. బస్సుల్లో నిద్రపోయాడు. "అక్కా, ఇవాళ బంతి ఈల వేసిందే!" అని ఫోన్ చేసేవాడు. ఆ ఈల నాకూ వినిపించినట్టే ఉండేది. ఆ పైన భుజం చెడింది, క్లబ్బు వదిలేసింది. నెబ్రాస్కాకి తిరిగొచ్చి మా ఊరి ధాన్యం గోదాములో పనికి కుదిరాడు. అయినా మానేశానని మాత్రం అనలేదు. ఎవరో ఒకరు పిలుస్తారనే అనేవాడు.

సాయంత్రం నా సెలూన్ మూసేసి, పెద్ద గ్లవ్ పట్టుకుని వాడి బంతులు అందుకోవడానికి మైదానానికి వెళ్లేదాన్ని. చుట్టూ మొక్కజొన్న, గాలిలో బంగారు రంగు దుమ్ము. ఆ వెలుగులో వాడికి మళ్లీ పద్దెనిమిదేళ్లే. ప్రతి బంతికీ చెయ్యి విదిలించి "అబ్బా, ఏం వేగంరా! మంటకి చెయ్యి ఊడిపోయింది!" అనేదాన్ని. వాడు పకపకా నవ్వేవాడు. అలా ఎన్ని సాయంత్రాలైనా గడిపెయ్యొచ్చనిపించేది.

కాలేజీ మాటెత్తితే మాత్రం వాడిది ఒకటే పాట.

"నేను ఆట వదిలితే కదా రెండేళ్లు మొదలయ్యేది? వదల్లేదుగా!"

ఒకరోజు నాకు ఒళ్లు మండిపోయింది. "ఒరేయ్ మొద్దూ! నువ్వు వదిలిన రోజు నుంచి కాదురా, వాళ్లు నిన్ను వదిలిన రోజు నుంచి!"

వాడి మొహం పాలిపోయింది. రెండు రోజులు మైదానం వైపే రాలేదు.

ఆగస్టు వచ్చింది. చూస్తుండగానే ఆ ఆఖరి సాయంత్రమూ వచ్చింది. మర్నాడే కాలేజీలో చేరడానికి ఆఖరి రోజు. అది దాటితే రెండేళ్లూ దాటిపోతాయి, అమ్మ రాయించిన చదువు గాలికి పోతుంది. ఆ సాయంత్రం కూడా వాడు మైదానానికే వచ్చాడు. మర్నాటి ఆట కోసం గీతలు అప్పుడే తాజాగా వేశారు. వాడు చాలాసేపు విసిరాడు. నేను అలవాటుగా చెయ్యి విదిలించాను.

"అక్కా, ఒట్టేసి చెప్పు. మండుతోందా?"

నేను గ్లవ్ తీసేశాను. "లేదురా. ఎప్పట్నుంచో మండట్లేదు."

వాడు బంతిని కాసేపు వేళ్ల మధ్య తిప్పాడు. మొక్కజొన్న ఆకులు గలగలమన్నాయి. తర్వాత నెమ్మదిగా గీత వైపు నడిచాడు. నేను గెంతు కోసం చూశాను. వాడు ఆగి, పాదం మొత్తం గీత మీద మోపాడు. తర్వాత రెండోది. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికెళ్లేసరికి అమ్మ ఓవెన్‌లోంచి కొలాచీలు తీస్తోంది. వెస్లీ నేరుగా లోపలికి నడిచాడు. నేల మీద తెల్లటి అడుగులు పడ్డాయి.

"ఎన్నిసార్లు చెప్పాన్రా, బూట్లు గుమ్మం దగ్గర..." అని తిట్టబోయి, ఆ తెలుపు చూసి అమ్మ ఆగిపోయింది. కొడుకు గెంతు సంగతి ఆవిడకి తెలియనిది కాదు. పళ్లెం వాడి ముందుకు జరిపింది.

"రేపు కాలేజీకి ఏ బూట్లు వేసుకెళ్తావురా?"

"ఇవే," అన్నాడు వెస్లీ.