నా బదులు ప్రార్థించిన అత్తమ్మ

మొన్న ఆదివారం మార్కాపురంలో మా మందిరంలో, అలసిపోయినవాళ్లుంటే లేచి నిలబడండి, మీకోసం ప్రార్థిస్తాను అని పాస్టరుగారు అన్నప్పుడు, డెబ్బై దాటిన నేను ముందున్న బల్ల పట్టుకుని లేచాను. రిటైరైన టీచరమ్మకు ఏం అలసటో అన్నట్టు పక్కవాళ్లు చూశారు గానీ, కళ్లు మూసుకోగానే నాకు మా అత్తమ్మ గుర్తొచ్చింది.

ఆమె ఇక్కడి పలకల ఫ్యాక్టరీలో కూలి. రాయి కోసే చోట పనిచేసి వచ్చేసరికి జుట్టూ కనుబొమలూ బూడిదరంగు దుమ్ముతో నిండిపోయేవి. ఎందరో పిల్లలు దిద్దుకున్న పలకలు ఆమె చేతిమీదుగా వెళ్లినా, ఆమెకు మాత్రం అక్షరం రాదు.

నాకు రాచర్లలో కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చిన రోజుల్లో, మా తొలిచూలు పాప మూడు నెలలు నిండకుండానే జ్వరంతో పోయింది. పలకరించ వచ్చినవాళ్లంతా దేవుడి చిత్తమన్నారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. అత్తమ్మ పని మానుకుని, గిద్దలూరులో బస్సు మారి వచ్చింది. బైబిలు వాక్యమేమీ చెప్పలేదు, జావ కాచింది, తల దువ్వింది. మూడోరోజు నేనే ఆమెమీద విరుచుకుపడ్డాను.

“నీ దేవుడికి కళ్లున్నాయా అత్తా? ఈ ఇంట్లో ప్రార్థన మాటెత్తొద్దు.”

“ఎత్తనులేమ్మా. అలిసిపోయినావు నువ్వు. కోపమొస్తే ఆయన్నే తిట్టు, పడతాడు. నీ బదులు నేను ప్రార్థన చేస్తాలే, నువ్వు పండుకో” అని నా తలమీద చెయ్యి పెట్టింది. రాయి మోసి గరుకెక్కిన ఆ చేతికింద, పాప పోయాక మొదటిసారి కరువుతీరా ఏడ్చి, నిద్రపోయాను. దేవుడి దయ గురించి తర్వాత ఎన్ని ప్రసంగాలు విన్నా, నాకు అది తెలిసింది మాత్రం ఆరోజే.

తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, మార్కాపురానికి బదిలీ అయింది, మందిరానికీ తిరిగి వెళ్లాను. పదిమందిలో వాక్యం చెప్పడం అలవాటై, స్త్రీల కూడికకు పెద్దనయ్యాను. ఇంతలో ఆ రాతిదుమ్మే అత్తమ్మ రొమ్ములో పేరుకుని, నాలుగు మాటలాడితే ఆయాసపడే స్థితికి వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను కూడికకు బయలుదేరుతుంటే పిలిచింది.

“అమ్మా, ఈపొద్దు నాకు ప్రార్థన రావడం ల్యా. ఆయన నన్ను మరిచిపోయినాడేమో అనిపిస్తాంది. రోంతసేపు కూచుంటావా?”

ఎన్నడూ తొణకని మనిషి అలా అడిగేసరికి నాకు భయం వేసిందో, చిరాకు వేసిందో ఇప్పటికీ తెలియదు. “అట్ల అనకూడదత్తా, విశ్వాసం ఉండాల” అని, ఆలస్యమవుతోందని వెళ్లిపోయాను. ఆరోజు కూడికలో దేవుని కనికరం గురించే మాట్లాడాను. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

అత్తమ్మ మరో నెల బతికింది. మందులిచ్చాను, అన్నం తినిపించాను. ఆమె మళ్లీ అడగలేదు, నేనూ కూర్చోలేదు. ఒక ఉదయం నేను బడిలో ఉండగా పోయింది.

మా ఆయన చనిపోయిన ఏడాది, నేను పదిమందికి చెప్పిన మాటల్లో ఒక్కటీ నాకు ఉపయోగపడలేదు. దేవుణ్ణి ఒక్కటే అడిగాను: ఆ మధ్యాహ్నం ఆమెను ఒంటరిగా వదిలింది నేనే గానీ నువ్వు కాదు కదా? నేను కూర్చోవలసిన చోట దేవుడు కూర్చునే ఉంటాడన్న నమ్మకమొక్కటే ఇప్పటికీ నాకు ఊరట.

ఇప్పుడు మందిరం పెద్దదైంది, మైకులు వచ్చాయి, చక్కగా మాట్లాడేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. కష్టంలో ఉన్నవాళ్ల పక్కన ఏమీ చెప్పకుండా కాసేపు కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. కాలం మారిందని అందరితోపాటు నేనూ అంటుంటాను గానీ, మా ఇంట్లో మాత్రం అది నాతోనే మారింది.