రెండు గ్లాసుల చేదు

మావాడు వర్తూరు దగ్గర, సొంతంగా బీరు కాచి అమ్మే హోటల్లో పని చేస్తాడు. ఇన్నాళ్లూ తొట్లు కడిగినవాడికి, ఈసారి ఒక తొట్టి నీ ఇష్టప్రకారం కాచుకోమన్నాడట యజమాని. జనం మెచ్చితే సరే, గ్లాసుల్లో వదిలేసి పోతే మళ్లీ కడగడమే.

ఆ పొద్దున వాడు ఒక్కచోట కూర్చుంటే ఒట్టు. బీరుకి చేదూ వాసనా ఇచ్చేది హాప్స్ అనే పువ్వట. దాన్ని ఎండబెట్టి, పచ్చటి గుళికలుగా ఒత్తి అమ్ముతారు. రెండు రకాలు తెచ్చాడు గానీ ఏది వెయ్యాలో తేల్చుకోలేడు. నా స్టీలు గ్లాసుల్లో ఒక్కోదాన్నీ వేసి వేడినీళ్లు పోశాడు.

"వాసన చూసి చెప్పుమ్మా."

సాజ్ అన్నదాంట్లో ఎండుగడ్డి వాసన, నెమ్మదిగా ఉంది. కాస్కేడ్ అన్నదేమో పంపరపనస తొక్క గిల్లినట్టు ముక్కుకి తగిలింది.

"రెండూ బాగానే ఉండాయి."

"అట్లంటే ఎట్లమ్మా! ఆడ బార్లీ మాల్టు నానేసిన నీళ్లు కాగుతా ఉండాయి, ఫోన్ మింద ఫోన్ చేస్తా ఉండారు."

"నేను చెప్పి, అది బాగలేకపోతే మాయమ్మ మాట విన్నానంటావు. నాకొద్దప్పా."

వాడు విసురుగా బాల్కనీలోకి పోయాడు. నేను కుక్కర్ కట్టేసి తిరిగేసరికి మా ఆయన కాస్కేడ్ గ్లాసు ఎత్తి ఒక గుక్క మింగేశారు. జలుబుకి కషాయం పెట్టాననుకున్నారు. కొడుకు ఈ పనిలో చేరినప్పటి నుంచి దాని ఊసే ఎత్తని మనిషి! మొహం వంకర్లు పోయింది. గ్లాసు దించారు. మళ్లీ ఎత్తి ఇంకో గుక్క తాగారు.

గుమ్మంలోంచి మావాడు చూస్తున్నాడు.

"చేదుగా లేదా నాయనా?"

"విషం మాదిరి ఉండాది."

"మళ్లా ఎందుకు తాగినావు?"

"ఏమో. ఆ వాసన ఏందో తెలుసుకుందామని. ఏం కషాయమిది?"

"బీరులో వేసేది."

ఆయన గ్లాసు దూరంగా జరిపి హాల్లోకి వెళ్లిపోయారు. మావాడు మాత్రం అప్పటికే ఫోన్లో చెప్పేస్తున్నాడు, "కాస్కేడే! తీసి పెట్టండి, వస్తా ఉండా."

బూట్లు తొడుక్కుంటుంటే హాల్లోంచి మాట వినబడింది.

"ఆ చేదు కొంచెం తగ్గించుకోప్పా."

వాడు ఒక కాలి బూటుతోనే ఆగిపోయాడు. ఫోన్ తీశాడు, జేబులో పెట్టాడు, మళ్లీ తీశాడు. చూడలేక నేను గోడవైపు తిరిగాను.

"తగ్గించను నాయనా," అన్నాడు చివరికి. "చేదుగా ఉన్నా రెండో గుక్క తాగినావు కదా, ఉండనీ."

లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీదుగా పరిగెత్తాడు.