వాగు మీద ఆవిరైన పంతులు

ఒకే ఒక్క మాటతో బతికున్న మనిషిని గాలిలో కలిపేసి, పట్టపగలు ఒక ఊరంతా తలుపులు మూసుకునేలా చేసిన ఘనత నాది. ఎవరినీ చేత్తో తాకలేదు, పేపర్లో రాశానంతే. ఆ తర్వాత ఏం జరిగిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు వెన్నులో చలి పుడుతుంది, తర్వాతే నవ్వొస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను చండ్రుగొండలో ఒక పత్రికకు విలేకరిని. వార్తలు తెల్లకాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఖమ్మం బస్సు డ్రైవరు చేతికిచ్చే రోజులవి. ఒకసారి పత్తి రైతుల గురించి 'ఆవిరైన ఆశలు' అని రాస్తే, ఖమ్మం ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు నుంచి ఒకాయన పనిగట్టుకుని ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కల్లులా తలకెక్కింది. ఇక మా మండలంలో ఆవిరి కానిది లేదు. బోరింగులో నీళ్లు ఆవిరి, నాయకుల హామీలు ఆవిరి, సాయంత్రం బస్సు ఆవిరి. బడిలో చదువుకున్నదాని ప్రకారం ఏదైనా ఆవిరి కావాలంటే వేడి తగలాలి. నా వార్తల్లో మాత్రం అన్నీ చల్లగా ఉండగానే ఆవిరైపోయేవి.

ఆ చలికాలంలో టీ కొట్టు దగ్గర ఒకతను కలిశాడు. ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న పల్లె అతనిది. తమ బడికి ఉన్న ఒక్క పంతులూ కొన్నాళ్లుగా రావడం లేదని చెప్పాడు. వాగవతల గూడెం పిల్లల్ని తీసుకొస్తానని వెళ్లాడట, మళ్లీ కనబడలేదట. బుద్ధున్న విలేకరి ఎవరైనా ఆ వాగు దాటి, గూడెంలో ఒక మాట అడిగి వచ్చేవాడు. నేను ఇంకో టీ చెప్పి కలం తీశాను.

'తెల్లవారుజామున మంచులో వాగు దిగిన పంతులు అవతలి ఒడ్డున తేలలేదు. అడవి గాలిలో ఆవిరైపోయాడు.'

డ్యూటీకి ఎగనామం పెట్టాడని నా ఉద్దేశం. డెస్కు వాళ్లు దానికి 'అడవిలో ఆవిరైన పంతులు' అని పెద్దక్షరాల శీర్షిక పెట్టారు. చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఒక సాయంత్రం మా గుమ్మం ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో నా వార్త ఉన్న పేపరు, నాలుగు మడతలు పెట్టి. పేరు మరియమ్మ. వైరా నుంచి వచ్చిందట. ఎవరో పేపరు చదువుతుంటే ఊరి పేరు విని, అక్కడ పంతులుగా ఉన్నది తన కొడుకు దానియేలేనని గుర్తుపట్టిందట.

"ఏడ ఆవిరైండు బిడ్డా?" అని అడిగింది. "ఆ జాగ నాకు చూపెట్టు."

అది నిజంగా ఆవిరి కాదనీ, రాసే తీరు అలా ఉంటుందనీ, ఆశలు కూడా అలాగే ఆవిరవుతుంటాయనీ వివరించబోయాను. ఆమె అంతా ఓపిగ్గా విని, "ఆశల సంగతి కాదు బిడ్డా. నా కొడుకు ఏడి?" అంది. తెల్లారి వాగు దగ్గరికి తీసుకెళ్తానన్నాను. ఆ రాత్రి మా ఇంట్లో ఆమె అన్నం ముట్టలేదు, గోడకు ఆనుకుని ప్రార్థన చేస్తూ కూర్చుంది. సిగ్గుతో నేనూ ముట్టలేదు.

తెల్లారి మొదటి జీపెక్కి ఆ పల్లెకు చేరాం. ఎండ ఇంకా రాలేదు. ఎక్కడా పొయ్యి పొగ లేదు. గుమ్మాల్లో ఖాళీ బిందెలు బోర్లించి ఉన్నాయి. కుక్కలు కూడా మొరగలేదు. ఊరి పెద్ద కన్నయ్య తలుపు సందులోంచి మమ్మల్ని చూసి, ఆ వార్త రాసింది నేనేనని చెప్పాక బయటికొచ్చాడు. వాగు నీళ్లకు ఎవరూ పోవడం లేదని గొంతు తగ్గించి చెప్పాడు.

"మంచు లేచినప్పుడు పంతులు గొంతు ఇనబడ్తంది సారూ. పిల్లల పేర్లు పిలుస్తడు, హాజరు పిలిచినట్టు. పిల్లలు గూడ పలుకుతరు."

ఒకరోజు తన మనవరాలి పేరు కూడా వినబడిందట. ఇంట్లో ఉన్న ఆ పిల్ల అలవాటు కొద్దీ లేచి నిలబడి 'వచ్చిన సార్' అనబోతే, నోరు మూసి దుప్పటి కప్పాడట. నేను మరియమ్మకు కాస్త దగ్గరగా జరిగాను. అయినా చదువుకున్నవాణ్ని కాబట్టి, పలికేది అవతలి గూడెం పిల్లలు కావచ్చు కదా అన్నాను.

"కావచ్చు సారూ," అన్నాడు కన్నయ్య. "మరి పంతులు ఆవిరైండని మీరే రాస్తిరి గదా?"

కన్నయ్య ఊరి చివర ఆగిపోయాడు. నేనూ మరియమ్మా వాగు దగ్గరికి నడిచాం. నీళ్ల చప్పుడు వినబడుతోంది కానీ నీళ్లు కనబడవు. వాగంతా తెల్లటి పొగ, మరుగుతున్న ఎసరు మీద లేచినట్టు లేస్తోంది. నా చెయ్యి చాపితే వేళ్లు నాకే కనబడలేదు. అప్పుడు ఆ తెల్లదనం లోపలి నుంచి, నీరసంగా, ఒక గొంతు వినబడింది. ఏవో పేర్లు, ఒకదాని తర్వాత ఒకటి. ప్రతి పేరుకూ సన్నటి బదులు.

మరియమ్మ ఒక్కసారి గట్టిగా పిలిచింది. "దానేలూ."

గొంతు ఆగిపోయింది. బదుళ్లూ ఆగిపోయాయి. నీళ్ల చప్పుడు ఒక్కటే మిగిలింది.

తర్వాత ఆ పొగలో ఒక ఆకారం లేచింది. తల మీద గొంగడి, కింద ఛాతీ, ఆ కింద ఏమీ లేదు. కాళ్లు లేకుండా పొగ మీద తేలుతూ మా వైపే వస్తోంది. నేను మూఢనమ్మకాల మీద పేపర్లో వ్యాసాలు రాసినవాణ్ని. ఆ వ్యాసాలన్నీ మరిచిపోయి వెనక్కి తిరిగి పరుగెత్తబోయాను. నాచు పట్టిన బండ మీద కాలు జారి, ఐసు లాంటి నీళ్లలో చతికిలబడ్డాను. ముసలావిడ మాత్రం చీర తడవడం కూడా చూసుకోకుండా తిన్నగా వాగులోకి నడిచింది.

ఆకారానికి కాళ్లున్నాయి, నీళ్లలో ఉన్నాయంతే. తల్లి కొడుకు ముఖాన్ని రెండు చేతులా తడిమింది, భుజం మీద నాలుగు దెబ్బలు వేసింది, తర్వాత ఏడ్చింది. నా కళ్లలోనూ నీళ్లొచ్చాయి. వాగు నీళ్లే అని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను.

ఒడ్డున కూర్చున్నాక సంగతి తెలిసింది. దానియేలు గూడెం వెళ్లిన రోజే మలేరియా పట్టుకుంది. గూడెం వాళ్లే గంజి తాగించి కాపాడారు. కాస్త లేవగలిగాక అక్కడి పిల్లల్ని ఒడ్డున కూర్చోబెట్టి పాఠాలు మొదలుపెట్టాడు. బడి మీది బెంగతో ఇవతలి పిల్లల పేర్లు కూడా పిలిచేవాడు. ఇవతల నీళ్లకొచ్చిన పెద్దవాళ్లను కేక వేసి పిలిస్తే మాత్రం అందరూ బిందెలు పారేసి పరుగెత్తేవారట. దాటి వద్దామంటే, జ్వరం నీరసం తగ్గలేదని గూడెం వాళ్లు వాగు దిగనివ్వలేదట. అమ్మ గొంతు విన్నాకే వాళ్లను విదిలించుకుని దిగాడు.

నా మెడలో కెమెరా చూసి విలేకరినని పోల్చుకున్నాడు. పాపం, చాలా మర్యాదగా అడిగాడు.

"అన్నా, ఈ వాగుల ఎవరో పంతులు ఆవిరైండని పేపర్ల రాసిండ్రంట గదా. ఆయన దొరికిండా? ఏ బడి ఆయనది?"

మరియమ్మ తల తిప్పి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

పాఠక మహాశయులారా, ఆ తడిబట్టలతోనే, వాగు సాక్షిగా నేను ఒట్టు పెట్టుకున్నాను. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు తప్ప జన్మలో ఆ మాట వాడను. అప్పుడు కూడా లోపల ఇడ్లీలున్నాయో లేదో తొంగి చూశాకే వాడతాను.