ఏ సూది వల్ల

ఇన్నాళ్ళూ నా మాట ఎవరూ వినిపించుకోలేదు. పరిహారం కమిటీకి పెట్టుకున్న అర్జీకి ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది: టీకాకూ జబ్బుకూ సంబంధం నిర్ధారణ కాలేదు. ఆ తర్వాత ఎన్ని ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేదు. ఈ ఉదయం మనవరాలికి టీకా వేయించడానికి ఆళ్లగడ్డ ఆసుపత్రికి వెళ్ళాను. దూదికి అద్దిన స్పిరిట్ వాసన తగలగానే నా అర్జీ రాసిపెట్టిన నంద్యాల వకీలు దేవదానం సారు గుర్తొచ్చారు.

కరోనా టీకా వేయించుకున్న కొన్నాళ్ళకు నా భార్య లక్ష్మీదేవికి కాళ్ళు చచ్చుబడ్డాయి. కారణం టీకాయేనని నాకు అనుమానమే లేదు. సారు మాత్రం నా కాగితాలు ముట్టుకోకముందే, "నడుమ ఇంకేమన్నా సూది ఏయించినావా అప్పా?" అని అడిగారు.

"జ్వరమొస్తే రుద్రవరంలో ఆర్‌ఎంపీ డాక్టరు ఏసినాడు సార్. మామూలు సూదే."

"మామూలంటే ఏంది?"

నాకు తెలియదు. మా వైపు జ్వరానికి సూది పడితే చాలు, అందులో ఏముందని ఎవరూ అడగరు. చీటీ కూడా ఉండదు.

సారు నన్ను బండెక్కించుకుని రుద్రవరం వెళ్ళారు. మమ్మల్ని చూడగానే ఆ డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నన్ను ఇరికిస్తాండారా సార్?"

"ఇరికించేకి రాలేదప్పా. ఏమేసినావో చెప్పు, చాలు."

"జ్వరం తగ్గేదే. పేరు గుర్తులేదు."

"ఆ మతిమరుపు కూడా రాసుకుంటాంలే" అన్నారు సారు, నవ్వకుండా.

తిరుగుదారిలో నేను గొడవపడ్డాను. "అది రాస్తే మన కేసు మనమే చెడగొట్టుకున్నట్టు కదా సార్."

"దాచిపెడితే నువ్వు అబద్ధాలోడివి అయితావ్. రాస్తే, దాన్ని కూడా చూసి తేల్చాల్సింది వాళ్ళు. టీకా తర్వాత వచ్చిందని నీకు తెల్సు. దానివల్లే వచ్చిందని నీకూ తెల్దు, నాకూ తెల్దు. ఆ తెల్దనేదాన్ని తేల్చమనే గదా అడుగుతాండేది."

ఆ మాట నాకప్పుడు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు. అయినా రెండు సూదులూ రాశాం, నరాల పరీక్ష కాగితాలూ జతచేశాం. జవాబు వచ్చేసరికి సారు లేరు. ఆ జవాబులో రెండో సూది ఊసు లేదు, నరాల పరీక్ష ఊసూ లేదు. నిర్ధారణ కాలేదంటే వెతికితే దొరకలేదా, అసలు వెతకనే లేదా? సారు ఉంటే మొదట ఇదే అడిగేవారు.

ఈ ఉదయం ఆసుపత్రికి బయల్దేరుతుంటే లక్ష్మీదేవి కర్ర పట్టుకుని గడప దాకా వచ్చింది. "పాపకు ఏయించొచ్చునా?" అంది.

"ఏయించాల" అన్నాను. తట్టు పోసి పోయిన పిల్లల్ని చూసినవాణ్ణి.

"మరి నాకెందుకట్లయ్యె?"

కమిటీ పెద్దలను ఒక్కటే అడుగుతున్నాను. మా దగ్గరున్నదంతా, మాకు చేటు చేసేది కూడా, మీ ముందు పెట్టాం. ఏది చూశారు, ఎవరు చూశారు, ఎందుకు కాదనుకున్నారు? నాకు చెప్పకపోయినా పర్వాలేదు. గడప దగ్గర నిలబడి అడిగిన ఆ మనిషికి చెప్పండి.