మైదా జిగురు వాసన

చర్చిలో ఇచ్చిన కొత్త ఏడాది బైబిలు వాగ్దాన వాక్యం కార్డు అంటించడానికి ఇవాళ మైదా జిగురు ఉడికించాను. ఆ వాసనకి కోవూరులోని మా ఇల్లు కళ్ల ముందుకొచ్చింది. చర్చికెళ్లే ఇళ్లలో పెరిగినవాళ్లకి గుర్తుందా, మన అమ్మలు పాత కార్డు పీకేవాళ్లు కాదు, దాని మీదే కొత్తది అంటించేవాళ్లు. మా గుమ్మం పైన అవన్నీ కలిసి అట్టంత మందమయ్యాయి.

పిల్లల చదువులకని నిరుడు ఆ ఇల్లు అమ్మేటప్పుడు బ్రోకర్ "అవి గీకేయండక్కా, చూసినోళ్లు వెనక్కి పోతున్నారు" అన్నాడు. అట్లకాడతో నేనే గీకాను. తలుచుకుంటే వాడి మీదకంటే నా మీదే ఒళ్లు మండుతోంది.

ఇప్పుడేమో అద్దె ఇంటి ఓనరు గోడలకేమీ అంటించొద్దంటాడు. "ఎక్కడ అంటించేది మా?" అంటూ నా కూతురు కార్డు పట్టుకుని నిలబడింది.

హాలు గోడకి నట్టనడుమ అంటించాను. ఈసారి గీకమనేవాడు అట్లకాడ వాడే తెచ్చుకోవాలి.