బొమ్మల ప్రదర్శనలో పెట్టిన ఆవకాయ

వేసవి వచ్చిందంటే మా వీధిలో ఆడవాళ్ళకి పనేమీ ఉండదనుకుంటారు ఈ బొమ్మలు వేసేవాళ్ళు. నిజానికి ఏడాది మొత్తం మీద మాకు ఊపిరాడనిది ఆ నెలన్నరే. వడియాలు ఎండాలి, ఒరుగులు ఎండాలి, చింతపండు పిక్క తీయాలి, ఆవకాయ పెట్టాలి. సుఖాలు లేవని కాదు. సాయంత్రం కాలువ వైపు నుంచి గాలి తిరిగాక వాకిట్లో నీళ్ళు చల్లి, కుర్చీలు వేసుకుని, తాటిముంజలు ఒలుచుకు తింటూ, మల్లెమొగ్గలు మాల కడుతూ కూర్చుంటే కరెంటు పోయిన సంగతి కూడా తెలియదు. ఆ సుఖం మాకు దక్కకుండా ఆ ఏడు అమలాపురంలో మా వీధి చివర ఉన్న కమ్యూనిటీ హాల్లో బొమ్మల ప్రదర్శన పెట్టారు.

పెట్టినాయన మా ఎదురింట్లో అద్దెకుండే డ్రాయింగు మాస్టారు. మంచివాడే. ఆ మంచితనంతోనే మనిషిని చంపుతాడు. సెలవుల్లో పిల్లలకి బొమ్మలు నేర్పి, వాళ్ళవీ తనవీ కలిపి గోడలకి తగిలించి, నడుమ పాతకాలం సామాను కొంత పెట్టాలనుకున్నాడు. ఒకరింట్లో తిరగలి, ఒకరింట్లో ఇత్తడి బిందె, ఇంకొకరింట్లో కవ్వం అడిగి పట్టుకెళ్ళాడు. మా ఇంటికొచ్చేసరికి అతని కళ్ళు జాడీ మీద పడ్డాయి. అది మా అత్తగారి జాడీ. పైన గోధుమరంగు, కింద తెలుపు, నిలబెడితే నా మోకాలు దాటుతుంది. ఆవకాయ కోసమే అప్పుడు కడిగి, ఎండబెట్టి, వసారాలో బోర్లించి ఉంచాను.

"రెండ్రోజులేనండి పిన్నిగారూ. మూడోనాడు పొద్దున్నే నేనే భుజాన పెట్టుకొచ్చి దింపుతాను" అన్నాడు.

ఇచ్చాను. మూడోనాడు, శుక్రవారం, జాడీ రాలేదు, కబురొచ్చింది. ముఖ్య అతిథిగారికి తీరిక కుదరలేదట, ఆదివారం సాయంత్రం వస్తారట, అందాకా ప్రదర్శన పొడిగించారట. కబురు తెచ్చిన పక్కింటావిడ, హాల్లో కూలర్లు పెట్టారనీ, మధ్యాహ్నం పూట ప్రాణం హాయిగా ఉంటోందనీ కూడా చెప్పింది. మా వీధిలో ఆడవాళ్ళందరికీ ఉన్నట్టుండి బొమ్మల మీద అంత ఇష్టం ఎందుకు పుట్టిందో నాకు అప్పుడు తెలిసింది.

నా గోడు వేరు. మా అమ్మాయి కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. సెలవు మీద వచ్చింది, సోమవారం తిరుగు ప్రయాణం. అక్కడ ఆ ఇంటివాళ్ళందరికీ వాళ్ళ రుచుల్లో వండి పెట్టి, తను మాత్రం గదిలో కూర్చుని ఆవకాయన్నం తింటుంది. పోయినసారి ఇక్కడ కాయ కుదరక కొన్న పచ్చడి పట్టుకెళ్ళింది. ఎలా ఉందే అని ఫోన్లో అడిగితే నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఈసారి నా చేత్తో పెట్టి, మూడోనాడు తిరగ కలిపి, ఉప్పు చూసి మరీ కట్టి పంపాలి. శుక్రవారం పెడితేనే ఆదివారానికి అది కుదురుతుంది.

కొత్తపేట నుంచి మా తమ్ముడు మంచి కాయలు పంపాడు. జాడీ వస్తుందన్న ధైర్యంతో, ఆ కబురు రాకముందే, శుక్రవారం పొద్దున్నే బజారులో కొట్టించుకొచ్చి, జీళ్ళు తీసి, ముక్క ముక్కా తుడిచి గుడ్డ మీద పరిచాం. కొట్టిన ముక్క ఆగదు. ఆ వేడికి సాయంత్రానికి వడిలిపోతుంది, మర్నాటికి మెత్తబడుతుంది. ఇరుగుపొరుగు జాడీలన్నీ అప్పటికే నిండి ఉన్నాయి. ప్లాస్టిక్ బకెట్లో పెట్టేయమని ఒకావిడ సలహా ఇచ్చింది. ఆవిడతో నేను ఇప్పటికీ ముభావంగానే ఉంటాను.

హాలుకి వెళ్ళాను. నా జాడీ నట్టనడుమ బల్ల మీద, ఎర్రగుడ్డ పరిచి, దాని నోట్లో కొబ్బరిపూత పెట్టి ఉంది. మెడకి ఒక అట్టముక్క వేలాడుతోంది. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. కూడబలుక్కుని చదువుతాను కాబట్టి ఒక్క ముక్క వదలను. 'పూర్వకాలంలో మన స్త్రీలు ఊరగాయలు నిల్వ చేయుటకు ఉపయోగించిన పాత్ర. దయచేసి తాకరాదు' అని ఉంది. మళ్ళీ చదివాను. ఇంటి దగ్గర ముక్కలు పరుచుకున్న పూర్వకాలపు స్త్రీని నేనే.

మాస్టారిని పిలిచి జాడీ ఇవ్వమన్నాను. నడుమ అది లేకపోతే హాలంతా బోడిగా అయిపోతుందన్నాడు. అతిథిగారికి ఫొటోలు కూడా పంపేశాడట. ఆదివారం దాకా ఓపిక పట్టమని చేతులు జోడించాడు. చేతులు జోడించేవాణ్ణి ఎలా తిట్టాలో నాకు ఈ వయసుకీ పట్టుబడలేదు.

"జాడీ ఇక్కణ్ణుంచి వెళ్ళకూడదు, అంతేనా?" అన్నాను.

"ఆయ్, అంతేనండి."

"అయితే ఉండనివ్వండి. ఆవకాయే ఇక్కడికి వస్తుంది."

నేను సరదాకి అన్నాననుకుని నవ్వాడు. కాసేపటికి నేనూ మా అమ్మాయీ ముక్కల మూట, బేసిను, ఆవపిండి, కారం, ఉప్పు డబ్బాలు, పప్పునూనె క్యానుతో హాలు ముందు ఆటో దిగితే ఆ నవ్వు పోయింది. కొబ్బరిపూత తీసి చూద్దును కదా, జాడీ అడుగున చాక్లెట్ కాగితాలు, ఒక ఐస్‌క్రీం పుల్ల. తాకరాదని రాశారు గాని, అందులో పారేయరాదని రాయలేదు మరి. తుడిచి మెట్ల మీద ఎండలో పెట్టాను. అది ఎండినంతసేపూ మాస్టారు చెమటలు కక్కుకుంటూ దాని పక్కనే నిలబడ్డాడు, ఎత్తుకుపోతాననుకున్నాడో ఏమో.

చాప పరుచుకుని కలపడం మొదలుపెట్టేసరికి గోడల మీద బొమ్మల్ని చూసే దిక్కు లేదు. అందరూ మా చుట్టూనే. ఇది రోజూ ఉంటుందా అని ఒకాయన అడిగాడు. ఆవపిండి ఘాటుకి పిల్లలు తుమ్ముతూనే దగ్గరికి జరుగుతున్నారు. ఒకావిడ మెంతులు తక్కువయ్యాయంది, ఇంకొకావిడ ఎక్కువయ్యాయంది. పక్కింటావిడ ఫోను పట్టుకుని, "వదినగారూ, ఒక్కసారి ఇటు చూడండి, బాగా పడతారు" అంటుంది. కారం చేతులతో నేనెటు చూడను? చూశాను. అన్నీ జాడీకెత్తి, నూనె పోసి, మూతికి గుడ్డ కట్టాక గాని నా నడుం నిలబడలేదు.

ఆదివారం ఎండ వాలేవేళకి అతిథిగారి కంటే ముందే వెళ్ళి గుడ్డ విప్పాం. బేసిన్లోకి తీసి కలిపి, మా అమ్మాయి నాలిక్కి రాసుకుంది.

"ఉప్పేదమ్మా?"

నేనూ రుచి చూశాను. చప్పగా ఉంది. ఉప్పు కొలిచేటప్పుడు ఫోను కోసం తలెత్తి ఒక గిన్నె తప్పించేశాను. ఇలాగే పంపితే అది కువైట్ చేరి నెల తిరక్కుండా బూజు పడుతుంది, నా కూతురు మళ్ళీ ఫోన్లో నవ్వుతుంది. అప్పటికే జనం చాప అంచుల దాకా వచ్చేశారు.

మాస్టారిని పిలిచి అందర్నీ పంపేసి తలుపు వేయమన్నాను. అతిథిగారు వచ్చేస్తారండి అని నసిగాడు.

"వస్తే మెట్ల మీద కూర్చోమనండి. మేం మూడ్రోజులు ఆగలేదాండి ఆయన కోసం?"

తలుపు పడింది. ఉప్పు వేసి కలిపాను, చూశాను. ఇంకాస్త వేశాను. ఈసారి మా అమ్మాయి నాలిక చప్పరించి, ఇంటి నుంచి తెచ్చిన టిఫిన్ క్యారేజీ విప్పింది. కట్టుకెళ్ళవలసింది సీసాల్లోకి తీసి, మిగతాది జాడీకెత్తి, బేసిన్లో అంటుకున్న గుజ్జులో వేడన్నం వేసి కలిపాను. కూలరు ముందు నేల మీద కూర్చుని తిన్నాం. అన్నిసార్లు ఆ హాలుకి తిరిగిన దాన్ని గోడల మీద ఏముందో అప్పుడే చూశాను.

మాకు ఎదురుగా ఉన్నది మాస్టారు వేసిన మా వీధి బొమ్మ. మిట్టమధ్యాహ్నం. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఆటో కింద నీడలో కుక్క పడుకుని ఉంది. వెలుతురు ఎంత తెల్లగా వేశాడంటే నాకు కళ్ళు చికిలించాలనిపించింది. మా అమ్మాయి ముద్ద చేతిలో పట్టుకుని దాని వంకే చూస్తోంది.

"మనుషులెవరూ లేరేంటమ్మా ఇందులో?"

"ఎండ కదే. లోపల పడుకునుంటారు."

"మనింట్లో కూడానా?"

"మనల్ని ఎక్కడ పడుకోనిచ్చేడు ఈయన. మనం ఇక్కడున్నాం."

బయట కారు ఆగిన చప్పుడయింది. మాస్టారు తలుపు తడుతున్నాడు. నేను లేవలేదు. ఇంకో ముద్ద కలిపి దాని చేతిలో పెట్టాను. బొమ్మలో మూసి ఉన్న మా తలుపుని చూస్తూ నెమ్మదిగా తింది.