చారల కలబంద

సూర్యాపేట నర్సరీలో ఆ మొక్కను చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. కలబందే, కానీ జానెడు కూడా లేదు. ముదురాకుపచ్చ ఆకుల మీద సున్నంతో గీసినట్టు తెల్ల చారలు! నారింజ రంగు పూలు కూడా పూస్తుందని చెప్పాడు నర్సరీ ఆయన. బస్సులో మునగాల దాకా ఒళ్లో పెట్టుకుని, ఎవరి మోచేయి తగిలినా కసురుతూ తెచ్చాను. అవి తొంభైల మొదటి ఏళ్లు, నేను ఆ ఇంటికి కొత్త కోడల్ని. ఆ పువ్వును ఎప్పుడెప్పుడు చూస్తానా అని ఒకటే ఆరాటం.

దానికి పొద్దుటి ఎండ చాలట, మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లట. ఇసుక, ఇటుక ముక్కలు కలిపి కుండీ నింపాను. అయితే ఇంట్లో మా మామ ఉన్నాడు. జీవితమంతా వరి పండించిన మనిషి. ఎండిన మట్టి కంటపడితే చాలు, చెంబెడు నీళ్లు కుమ్మరించేవాడు.

"మామా, గది వరి కాదు! కుళ్లిపోతది!"

"నోరులేని జీవి బిడ్డా, దానికి గూడ దూప అయితది," అనేవాడు. నేను అటు తిరగగానే మళ్లీ చెంబు.

దసరా వెళ్లేసరికి అడుగు ఆకులు మెత్తబడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది. మొక్కను పెరికి, కుళ్లిన వేళ్లు కోసేసి, గుమ్మానికి తలకిందులుగా వేలాడదీశాను. దిష్టికి కట్టిన కలబందను మా దగ్గర ఎవరూ ముట్టుకోరు, నీళ్లూ పొయ్యరు. ఇక ఈయన ఏం చేస్తాడో చూద్దామనుకున్నాను. ఆయన రోజూ దాని కింద నిలబడి ఉసూరుమనేవాడు. నాకూ లోపల బెంగే, ఒప్పుకుంటానా!

శివరాత్రి ముందు ఒక పొద్దున మామ కేక వాడంతా వినబడింది.

"బిడ్డా, ఉరికిరా! పువ్వు!"

పిండి చేతులతోనే పరుగెత్తాను. కిందికి వేలాడే మొక్కలోంచి ఒక కాడ వంపు తిరిగి పైకి లేచింది. దాని నిండా నారింజ రంగు పూలు! చిన్నపిల్లలా గంతులేశాను. మామ దారిన పోయేవాళ్లందరినీ ఆపి చూపించాడు.

అందరూ వెళ్లాక కూడా ఆయన గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు.

"సుక్క నీళ్లు లేకుండ పూసిందా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "కాలువ రాకముందు మన చేను నా కండ్ల ముందే ఎండిపోయింది బిడ్డా. బిందెలతోని మోసి పోసిన. గింజ దక్కలే."

నాకు ఏడుపొచ్చింది. మొక్కను దించి ఆయన చేతిలో పెట్టాను.

"కుండీల పెడదాం మామా. మట్టి ఎండినంక సెప్త. నీళ్లు నువ్వే పొయ్యి."